ఏ క్వెరీకి ఏ ఇండెక్స్? ఒక ఆర్డర్ల టేబుల్‌తో పోల్చి చూద్దాం

"ఏ కాలమ్‌కి ఇండెక్స్ వేయాలి సార్?" టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేదీ ప్రతిసారీ ఒకటే: "ఏ క్వెరీ కోసం?" (క్వెరీ అంటే డేటాబేస్‌ని మనం అడిగే ప్రశ్న.) టేబుల్‌లో కాలమ్‌లు చూసుకుంటూ వేసుకుపోతే పది ఇండెక్సులు తయారవుతాయి, అయినా స్క్రీన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. క్వెరీలు ముందు పెట్టుకుని కూర్చుంటే మూడు నాలుగింటితోనే పని జరిగిపోతుంది.

ఊళ్లో భూమి లెక్కలు చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. అడంగల్ సర్వే నంబర్ల వరుసలో ఉంటుంది. "ఫలానా సర్వే నంబర్లో ఎవరి పేరుంది?" అంటే అది తిప్పితే చాలు. "ఫలానా రైతుకి మొత్తం ఎంత భూమి ఉంది?" అని అడిగితే మాత్రం ఖాతా నంబర్ల వరుసలో ఉండే వన్-బీ తీయాలి. భూమి అదే, అడిగే ప్రశ్నలు రెండు కాబట్టి వరుసలు రెండు. పొలం చేతులు మారిన రోజు రెండు చోట్లా రాయాలి. డేటాబేస్‌లో ఇండెక్స్ అంటే ఇలాంటి రెండో రిజిస్టరే. చదివేటప్పుడు సుఖం, రాసేటప్పుడు అదనపు పని.

పోలికలన్నిటికీ ఒకే ఉదాహరణ పట్టుకుందాం. పచ్చళ్లు, పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం. దాని ఆర్డర్ల టేబుల్‌లో 1 కోటి రికార్డులు. ఆర్డర్ నంబరు, కస్టమర్ ఐడీ, పేరు, ఫోన్, స్టేటస్, ఆర్డర్ పెట్టిన సమయం, మొత్తం, ఇవీ కాలమ్‌లు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో నేను ఎక్కువగా పోస్ట్‌గ్రెస్ మీద, తర్వాత మైఎస్‌క్యూఎల్ మీద పని చేస్తాను కాబట్టి ఉదాహరణలు ఆ రెండింటి నుంచే ఎక్కువ ఉంటాయి.

అసలు ఇండెక్స్ కావాలా, వద్దా?

మొదటి ఎంపిక ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. ఇండెక్స్ ఉంటే ఎంత లాభమో ఒకసారి లెక్క వేద్దాం. డేటాబేస్ ఒక్కసారి చదివే ముక్కని పేజీ అంటారు, పోస్ట్‌గ్రెస్‌లో దాని సైజు 8 కేబీ. 8 బైట్ల పూర్ణసంఖ్య మీద బీ-ట్రీ ఇండెక్స్, అంటే విలువలను వరుసలో పేర్చిన అంతస్తుల చెట్టు, కడితే అడుగు వరుసలో ఒక్కో పేజీకి సుమారు 366 ఎంట్రీలు పడతాయి, పై వరుసల్లో దాదాపు 285. అంటే మూడు అంతస్తుల చెట్టులో దాదాపు 3 కోట్ల రికార్డులు ఇమిడిపోతాయి. మన 1 కోటి ఆర్డర్లలో ఒకదాన్ని పట్టుకోవడానికి ఇండెక్స్‌లో మూడు పేజీలు, టేబుల్‌లో ఒక పేజీ చదివితే చాలు. ఇండెక్స్ లేకపోతే టేబుల్ మొత్తం చదవాలి. బీ-ట్రీని రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ బోయింగ్ పరిశోధనశాలలో పనిచేస్తున్నప్పుడు 1970 ప్రాంతంలో రూపొందించారు. డిస్కులు అప్పటినుంచి ఎంత మారినా ఈ చెట్టు ఇప్పటికీ నిలబడి ఉందంటే కారణం ఈ లెక్కే.

ఇక ఖర్చు. అదే 1 కోటి రికార్డులకు ఆ ఒక్క ఇండెక్స్ డిస్క్ మీద 214 ఎంబీ తీసుకుంటుంది. డిస్క్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆ 214 ఎంబీ మెమరీలో చోటు కోసం అసలు డేటాతో పోటీ పడుతుంది, బెంగ దాని గురించి. పైగా ప్రతి కొత్త ఆర్డర్‌కీ ప్రతి ఇండెక్స్‌లో ఒక ఎంట్రీ రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో మెలిక ఉంది. అప్‌డేట్ అయిన కాలమ్‌లలో దేనికీ ఇండెక్స్ లేకపోతే, ఆ పేజీలోనే ఖాళీ ఉంటే, ఇండెక్సులను ముట్టుకోకుండానే అప్‌డేట్ అయిపోతుంది. 8.3 వెర్షన్ నుంచి ఉన్న ఈ సౌకర్యాన్ని హాట్ అప్‌డేట్ అంటారు. 'చివరిసారి మార్చిన సమయం' లాంటి కాలమ్‌కి "ఉంటే ఉంటుందిలే" అని ఇండెక్స్ వేశారంటే, ప్రతి చిన్న మార్పుకీ ఆ లాభం పోయినట్టే. ఇలాంటివి నేను చాలా టేబుళ్లలో చూశాను, కనబడ్డప్పుడల్లా బాధేస్తుంది.

ఇండెక్స్ ఎప్పుడు వద్దు? జిల్లాల జాబితా లాంటి చిన్న టేబుల్‌కి వద్దు, ఒకటి రెండు పేజీల్లో అయిపోయేదానికి చెట్టెందుకు? క్వెరీ టేబుల్‌లో పెద్ద భాగాన్ని అడుగుతున్నప్పుడూ వద్దు. "ఈ ఏడాది ఆర్డర్ల మొత్తం ఎంత?" అనే క్వెరీకి సగం టేబుల్ కావాలి. అక్కడ ఇండెక్స్ పట్టుకుని ఒక్కో రికార్డు కోసం అటూ ఇటూ గెంతడం కన్నా మొదటినుంచి చివరిదాకా చదివేయడమే మేలు. క్వెరీకి ఏ దారిలో వెళ్లాలో తేల్చే ప్లానర్‌కి ఈ సంగతి తెలుసు. పోస్ట్‌గ్రెస్ వరుసగా చదివే పేజీకి 1, ఎక్కడో ఉన్న పేజీకి 4 చొప్పున ఖర్చు వేసుకుంటుంది. ఆ 4 తిరిగే డిస్కుల కాలం నాటిది. మీ సర్వర్ ఎస్ఎస్‌డీ మీద నడుస్తుంటే 'ర్యాండమ్ పేజ్ కాస్ట్' విలువను 1.1 దాకా తగ్గించి చూడండి. "ఇండెక్స్ ఉన్నా వాడుకోవడం లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని దీంతోనే తీరిపోతాయి.

ఒక చోట మాత్రం ఆలోచించకుండా వేయండి: ఫారిన్ కీ కాలమ్, అంటే మన కస్టమర్ ఐడీలా వేరే టేబుల్‌లోని రికార్డుని సూచించేది. మైఎస్‌క్యూఎల్‌లో డేటాని దాచే ఇంజిన్ ఇన్నోడీబీ దానికి ఇండెక్స్ తనే వేస్తుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు. ఆ ఇండెక్స్ లేని చోట ఒక కస్టమర్‌ని డిలీట్ చేయబోతే, అతని ఆర్డర్లు ఏవైనా మిగిలాయా అని చూడటానికి 1 కోటి రికార్డులూ తిరగేస్తుంది. మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బీ-ట్రీయా, హ్యాషా?

దీని మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. హ్యాష్ ఇండెక్స్ 'సమానమా' అనే ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. పెద్దదా, చిన్నదా, ఏ వరుసలో ఉంది అంటే దానికి తెలియదు. పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన 10వ వెర్షన్ ముందు వరకు సర్వర్ హఠాత్తుగా పడిపోతే హ్యాష్ ఇండెక్స్ పాడయ్యే ప్రమాదం ఉండేది, ఇప్పుడు లేదు. పొడవాటి యూఆర్ఎల్‌ల లాంటి కాలమ్‌ని సరిగ్గా అదే విలువతో వెతికే పని ఉంటే సైజు కలిసొస్తుంది. మిగతా అన్ని చోట్లా బీ-ట్రీయే. ఇన్నోడీబీ టేబుళ్లలో అయితే ఈ ప్రశ్నే రాదు. హ్యాష్ అని రాసినా అక్కడ తయారయ్యేది బీ-ట్రీయే.

రెండు విడి ఇండెక్సులా, ఒక జంట ఇండెక్సా?

అసలు కథంతా ఇక్కడే ఉంది. నేను చూసిన నెమ్మది క్వెరీల్లో ఎక్కువ భాగం ఇక్కడ తప్పటడుగు వేసినవే.

తెలుగు నిఘంటువు తీసుకోండి. 'కమలం' ఎక్కడుందో క్షణంలో దొరుకుతుంది. 'కమ'తో మొదలయ్యే మాటలన్నీ ఒకేచోట వరుసగా ఉంటాయి. ఇప్పుడు ఉత్పలమాల రాసేవాడు ప్రాస కోసం రెండో అక్షరం 'మ' ఉన్న మాటలు కావాలన్నాడనుకోండి. అదే నిఘంటువు, అవే మాటలు, అయినా వాటికోసం అ నుంచి హ దాకా అన్ని పేజీలూ తిప్పాల్సిందే. మాటలు మొదట మొదటి అక్షరంతో, అది ఒకటే అయినప్పుడు మాత్రమే రెండో అక్షరంతో వరుస కట్టాయి. రెండు మూడు కాలమ్‌ల మీద వేసే కాంపోజిట్ ఇండెక్స్ కూడా ఇంతే. 'కస్టమర్ ఐడీ, సమయం' అని వేస్తే కస్టమర్‌తో వెతకొచ్చు, కస్టమర్-సమయం కలిపి వెతకొచ్చు. సమయం ఒక్కదానితో వెతికేవాడు మన పద్యకవి పరిస్థితిలో ఉంటాడు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో మొదటి కాలమ్‌ని దాటవేసే స్కిప్ స్కాన్ చేరింది. మొదటి కాలమ్‌లో వేర్వేరు విలువలు కొద్దిగా ఉంటే అది బాగా పనిచేస్తుంది. లక్షల కస్టమర్లున్న చోట దానిమీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు ఒక క్వెరీని దగ్గరగా చూద్దాం. యాప్‌లో 'నా ఆర్డర్లు' నొక్కితే నడిచేది: ఈ కస్టమర్ ఆర్డర్లలో కొత్తవి ముందు వచ్చేలా 20 చూపించు. ఒక వేర్ (షరతు), ఒక ఆర్డర్ బై (వరుస), ఒక లిమిట్ 20 (ఎన్ని కావాలో). దీనికి మూడు దారులున్నాయి.

కస్టమర్ ఐడీ మీద మాత్రమే ఇండెక్స్ ఉందనుకోండి. ఆ కస్టమర్ ఆర్డర్లన్నీ తెచ్చి, సమయం ప్రకారం సార్ట్ చేసి, పై 20 ఇచ్చి మిగతావి పారేస్తుంది. ఇంటి అవసరానికి కొనే మనిషికి 15 ఆర్డర్లుంటాయి, కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. నగరంలోని ఓ పెద్ద స్వీట్ షాపు హోల్‌సేల్‌గా 80 వేల ఆర్డర్లు పెట్టి ఉంటే? యాప్ తెరిచిన ప్రతిసారీ 80 వేలూ తెచ్చి, 79,980 పారేయాలి.

సమయం మీద మాత్రమే ఇండెక్స్ ఉందనుకోండి. ఇప్పటినుంచి వెనక్కి నడుస్తూ "ఇది ఆ కస్టమర్‌దేనా?" అని ఒక్కో ఆర్డర్‌నీ చూసుకుంటూ పోతుంది, 20 దొరకగానే ఆగుతుంది. స్వీట్ షాపుకి చకచకా దొరుకుతాయి. 2019లో మూడే మూడుసార్లు ఆవకాయ తెప్పించుకుని మళ్లీ రాని మనిషికి మాత్రం 20 ఎప్పటికీ దొరకవు. 1 కోటి ఆర్డర్లూ చివరిదాకా నడిచాక గానీ ఆగదు. ఈ జబ్బుని టెస్టింగ్‌లో పట్టుకోవడం కష్టం. ఎందుకంటే మనం టెస్ట్ చేసేది ఎప్పుడూ రోజూ కొనే కస్టమర్ల ఖాతాలతోనే.

'కస్టమర్ ఐడీ, సమయం' కలిపి ఒకే ఇండెక్స్ ఉంటే, ఆ కస్టమర్ దగ్గరికి నేరుగా వెళ్తుంది. అక్కడ ఆర్డర్లు అప్పటికే సమయం వరుసలో ఉన్నాయి. చివరినుంచి 20 ఎంట్రీలు చదివి లేచి వచ్చేస్తుంది. సార్ట్ లేదు. స్వీట్ షాపుకీ, ఆవకాయ మనిషికీ ఒకే వేగం. బీ-ట్రీని వెనకనుంచి కూడా చదవొచ్చు కాబట్టి ఇండెక్స్‌లో అవరోహణ క్రమం అని ప్రత్యేకంగా రాయక్కర్లేదు. ఒక కాలమ్ పైకీ, ఇంకోటి కిందికీ సార్ట్ చేసే క్వెరీకి మాత్రమే ఆ అవసరం వస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0కి ముందు వెర్షన్లు ఆ మాట రాసినా పట్టించుకునేవి కావు.

కాలమ్‌ల వరుస ఎలా పెట్టాలి? నేను పాటించేది ఇది. 'సమానం' అని అడిగే కాలమ్‌లు ముందు. ఆర్డర్ బైలో ఉన్నది తర్వాత. 'ఇంతకన్నా ఎక్కువ, తక్కువ' అని అడిగేది ఆఖర్న. రేంజ్ కాలమ్ ముందుకొస్తే దాని వెనక ఉన్న కాలమ్‌ల వరుస చెదిరిపోతుంది. "ఎక్కువ రకాల విలువలున్న కాలమ్ ముందుండాలి" అని కొందరు చెబుతారు. నా అనుభవంలో అది దారి తప్పించే సలహా. రెండు కాలమ్‌లనీ 'సమానం'తోనే అడిగే క్వెరీకి ఏది ముందున్నా పెద్ద తేడా రాదు. అలాంటప్పుడు వేరే క్వెరీలకు కూడా పనికొచ్చే కాలమ్‌ని ముందు పెట్టండి.

విడి ఇండెక్సులు గెలిచే చోటు కూడా ఉంది. ఆఫీసు వాళ్లు వాడే సెర్చ్ స్క్రీన్‌లో పది ఫిల్టర్లుంటాయి, ఎవరు ఏ రెండు ఎంచుకుంటారో తెలియదు. అన్ని జంటలకూ కాంపోజిట్ వేయలేం. అక్కడ నాలుగైదు ముఖ్యమైన కాలమ్‌లకు విడివిడిగా వేసి వదిలేయండి. పోస్ట్‌గ్రెస్ వాటిని బిట్‌మ్యాప్‌లుగా కలుపుకుంటుంది, మైఎస్‌క్యూఎల్‌లో ఇండెక్స్ మెర్జ్ ఉంది. జంట ఇండెక్స్ అంత వేగం రాదు, అయినా ఆఫీసు పనికి సరిపోతుంది.

ఇంకో మాట. 'కస్టమర్ ఐడీ, సమయం' వేశాక పాత 'కస్టమర్ ఐడీ' ఇండెక్స్ ఉత్త బరువే. తీసేయండి.

టేబుల్‌ని ముట్టుకోకుండా జవాబు చెప్పే ఇండెక్స్

క్వెరీకి కావాల్సిన కాలమ్‌లన్నీ ఇండెక్స్‌లోనే ఉంటే డేటాబేస్ టేబుల్ దాకా వెళ్లే పని లేదు. కవరింగ్ ఇండెక్స్ అనేది దీన్నే. "ఈ కస్టమర్ ఈ నెల ఎంత ఖర్చు పెట్టాడు?" అనే క్వెరీకి 'మొత్తం' కాలమ్‌ని కూడా ఇండెక్స్‌లో కూర్చోబెట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో 11వ వెర్షన్ నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 నుంచి 'ఇన్‌క్లూడ్' అని రాస్తే ఆ కాలమ్ వరుసలో పాలుపంచుకోకుండా ఊరికే వెంట ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆ మాట లేదు, చివరి కాలమ్‌గా చేర్చుకోవాలి. ఇన్నోడీబీలో ప్రైమరీ కీ (రికార్డుని గుర్తించే కాలమ్) కాక మిగతా కాలమ్‌ల మీద వేసే ప్రతి సెకండరీ ఇండెక్స్ తనలో ఆ కీని మోసుకుంటూ తిరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క కాలమ్ మాత్రం అడక్కుండానే వస్తుంది.

పోస్ట్‌గ్రెస్ వాళ్లకు ఒక జాగ్రత్త. ఇండెక్స్ ఓన్లీ స్కాన్ అని ప్లాన్‌లో కనబడగానే సంబరపడకండి, దాని కింద 'హీప్ ఫెచెస్' ఎంతో చూడండి. ఆ సంఖ్య పెద్దదిగా ఉంటే టేబుల్ దగ్గరికి వెళ్తూనే ఉందన్నమాట. ఈమధ్య బాగా మారిన పేజీలకు పాత రికార్డులను ఊడ్చే వాక్యూమ్ నడిచేదాకా ఇది తప్పదు. నిమిషానికి వందల మార్పులు జరిగే టేబుల్ మీద కవరింగ్ ఇండెక్స్ లాభం సగం ఇక్కడే కరిగిపోతుంది. నేనైతే రోజుకి వేలసార్లు నడిచే క్వెరీ ఉంటేనే దీని జోలికి వెళ్తాను.

అందరికీనా, కొందరికేనా?

ప్యాకింగ్ వాళ్ల స్క్రీన్ పెండింగ్ ఆర్డర్లు చూపిస్తుంది. 1 కోటిలో పెండింగ్‌లో ఉండేవి ఏ రోజు చూసినా మూడు నాలుగు వేలు. మిగతావన్నీ ఎప్పుడో ఇళ్లకు చేరిపోయాయి. స్టేటస్ మీద మామూలు ఇండెక్స్ వేస్తే ఆ చేరిపోయిన ఆర్డర్లను కూడా మోయాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్స్ చివర 'వేర్ స్టేటస్ పెండింగ్' అని రాస్తే ఆ మూడు నాలుగు వేలకే ఇండెక్స్ ఉంటుంది. సమయం కాలమ్ మీద ఇలా వేశామంటే, పాత ఆర్డర్ ముందు ప్యాక్ అవ్వాలనే వరుస కూడా అందులోనే దొరుకుతుంది. ఆర్డర్ ప్యాక్ అవ్వగానే కొత్త విలువకు ఇందులో ఎంట్రీ పడదు. నాకు పోస్ట్‌గ్రెస్‌లో అన్నిటికన్నా ఇష్టమైన సౌకర్యం ఈ పార్షియల్ ఇండెక్సే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీన్ని ఫిల్టర్డ్ ఇండెక్స్ అంటారు, ఎస్‌క్యూఎల్‌లైట్‌లోనూ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లేదు. అక్కడ 'స్టేటస్, సమయం' అని పూర్తి ఇండెక్స్‌తో సర్దుకోవాలి. మరీ పెద్ద టేబుల్ అయితే పెండింగ్ ఆర్డర్లను వేరే టేబుల్‌లో పెట్టుకోవడం మంచిది.

ఒక మెలిక. క్వెరీలో స్టేటస్ విలువని పారామీటర్‌గా పంపితే, అది పెండింగే అవుతుందని ప్లాన్ వేసేటప్పుడు తెలియని సందర్భాల్లో ప్లానర్ ఈ ఇండెక్స్‌ని పక్కన పెడుతుంది. ఈ ఒక్క క్వెరీలో 'పెండింగ్' అని నేరుగా రాసేయండి.

పేర్లు, ఫోన్ నంబర్లు: మనవాళ్లకు ఎదురయ్యే చిక్కులు

మైఎస్‌క్యూఎల్‌లో పొడవాటి టెక్స్ట్ కాలమ్‌కి మొదటి 10 క్యారెక్టర్ల మీదే ఇండెక్స్ వేసే పద్ధతి ఉంది, ప్రిఫిక్స్ ఇండెక్స్ అంటారు. ఇంగ్లిష్ పేర్లకు 10 అంటే చాలావరకు సరిపోతుంది. పేర్లు తెలుగులో దాచుకునే టేబుల్‌కి ఇదే అలవాటు కొద్దీ వేస్తే ఏమవుతుందో చూడండి. 'వెంకటేశ్వర్లు' మన కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్‌కి మాత్రం 13: వ, ఎత్వం, సున్నా, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. మొదటి 10 తీసుకుంటే మిగిలేది 'వెంకటేశ్వర'. వెంకటేశ్వరరావు, వెంకటేశ్వరి, వెంకటేశ్వర్లు ముగ్గురూ ఆ ఇండెక్స్‌కి ఒకటే! మన రాష్ట్రాల్లో ఆ పేరుతో ఎంతమంది ఉంటారో నేను చెప్పక్కర్లేదు. 'లక్ష్మీ' అనే రెండక్షరాల మాటే 7 తీసుకుంటుంది. తెలుగు కాలమ్‌కి ప్రిఫిక్స్ వేస్తే కనీసం 25, 30 పెట్టండి, లేదా కాలమ్ మొత్తానికి వేయండి. ఒక్కో తెలుగు క్యారెక్టర్ 3 బైట్లు, ఇప్పటి ఇన్నోడీబీలో ఇండెక్స్ కీ పరిమితి 3072 బైట్లు, కాబట్టి పేర్లకు చోటు చాలుతుంది. పాత టేబుళ్లలో ఆ పరిమితి 767. ఎక్కడైనా టెక్స్ట్ కాలమ్‌కి 'వార్‌చార్ 191' అని వింత సంఖ్య కనబడితే దాని పుట్టుక అక్కడే: ఒక్కో క్యారెక్టర్‌కి 4 బైట్లు లెక్కేసి 767లో పట్టేది 191.

పేరు మధ్యలో వెతకాలంటే, అంటే ముందూ వెనకా శాతం గుర్తు పెట్టి లైక్ వాడితే, బీ-ట్రీ చేతులెత్తేస్తుంది. మళ్లీ ప్రాస సమస్యే. ఇంగ్లిష్ లిపిలో ఉన్న పేర్లకు పోస్ట్‌గ్రెస్‌లో ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌తో జిన్ ఇండెక్స్ వేయండి, మూడేసి అక్షరాల ముక్కలుగా చేసి దాచుకుంటుంది. సైజు పెద్దది, రాయడం నెమ్మది, అయినా ఆ పనికి అదే దారి. మొదటి అక్షరాలతో వెతికితే చాలంటే బీ-ట్రీ సరిపోతుంది. కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 'సీ' కాకుండా వేరే లొకేల్‌తో (అక్షరక్రమ నియమాలతో) తయారైతే 'టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్' అని చేర్చకపోతే లైక్‌కి ఆ ఇండెక్స్ వాడుకోదు.

ఫోన్ నంబర్ సంగతి ఇంకా తమాషా. కాలమ్ వార్‌చార్, కోడ్‌లో ఎవరో కొటేషన్లు లేకుండా 10 అంకెల సంఖ్యని పంపారు. పోస్ట్‌గ్రెస్ అయితే అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది, మంచిదే. మైఎస్‌క్యూఎల్ మాట్లాడకుండా ప్రతి రికార్డులోని ఫోన్‌నీ సంఖ్యగా మార్చి పోలుస్తుంది, ఇండెక్స్ ఉన్నా లేనట్టే. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తేదీలదీ అదే దారి. 2025 సంక్రాంతి రోజు ఆర్డర్లు కావాలంటే సమయం కాలమ్‌ని 'డేట్' ఫంక్షన్‌లో చుట్టి జనవరి 14తో పోల్చకండి. జనవరి 14 లేదా ఆ తర్వాత, జనవరి 15 కన్నా ముందు అని రాయండి. కాలమ్‌ని ముట్టుకోకుండా వదిలేస్తేనే ఇండెక్స్ పనిచేస్తుంది. ఫంక్షన్ తప్పదంటే ఆ ఫంక్షన్ మీదే ఇండెక్స్ వేయొచ్చు, మైఎస్‌క్యూఎల్‌లో 8.0.13 నుంచి కుదురుతుంది.

లాగ్ టేబుళ్లకు బ్రిన్

వచ్చిన వరుసలోనే చేరుతూ, ఎప్పుడూ మారని టేబుళ్లు ఉంటాయి: పేమెంట్ లాగ్, డెలివరీ బండ్ల జీపీఎస్ రీడింగులు. వాటి సమయం కాలమ్‌కి బీ-ట్రీ బదులు పోస్ట్‌గ్రెస్‌లో బ్రిన్ ఆలోచించండి. అది 128 పేజీలకు ఒకసారి, అంటే 1 ఎంబీకి ఒకసారి, కనిష్ఠ, గరిష్ఠ విలువలు మాత్రం రాసుకుంటుంది. ఎన్నో జీబీల టేబుల్‌కి కూడా ఇండెక్స్ కేబీల్లోనే ఉంటుంది. "నిన్నటి రీడింగులన్నీ" అనే క్వెరీకి చక్కగా సరిపోతుంది. ఒక్క రికార్డు కోసం వెతకడానికి పనికిరాదు. టేబుల్‌లో రికార్డులు సమయం వరుస తప్పి పడితే దేనికీ పనికిరాదు. మన ఆర్డర్ల టేబుల్‌కి వద్దు, అక్కడ స్టేటస్ మార్పులతో రికార్డులు చోటు మారుతుంటాయి.

ప్రైమరీ కీ: వరుస సంఖ్యా, యూయూఐడీయా?

పోస్ట్‌గ్రెస్ కన్నా మైఎస్‌క్యూఎల్‌లో ఈ ఎంపిక ఎక్కువ బరువైనది. ఇన్నోడీబీలో టేబుల్ అంటేనే ప్రైమరీ కీ వరుసలో పేర్చిన బీ-ట్రీ. వరుస సంఖ్య అయితే కొత్త ఆర్డర్లన్నీ చివర చేరతాయి. పాత తరహా యూయూఐడీ, అంటే వరుస లేకుండా పుట్టే పొడవాటి గుర్తింపు సంఖ్య, అయితే ప్రతి ఆర్డర్ చెట్టులో ఎక్కడో ఒకచోట దూరుతుంది, నిండిన పేజీలు రెండుగా చీలుతుంటాయి. దాన్ని 36 క్యారెక్టర్ల టెక్స్ట్‌గా దాస్తే ఇంకా దారుణం. 8 బైట్ల బదులు 36 బైట్లు, అదీ ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ. యూయూఐడీ తప్పదంటే 16 బైట్ల బైనరీగా దాచి, 2024లో ప్రమాణంగా ఖరారైన 7వ వెర్షన్ వాడండి. అందులో సమయం ముందుంటుంది కాబట్టి కొత్తవి చివరే చేరతాయి. ఒకే డేటాబేస్ ఉన్న మామూలు దుకాణానికి వరుస సంఖ్యే చాలని నా అభిప్రాయం.

లైవ్‌లో వేసేటప్పుడు

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట, ఒక మధ్యాహ్నం లైవ్ పోస్ట్‌గ్రెస్ మీద మామూలు 'క్రియేట్ ఇండెక్స్' కొట్టాను. ఇండెక్స్ సరైనదే, కాలమ్‌ల వరుసా సరైనదే. కానీ ఆ కమాండ్ నడిచినంతసేపూ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. చదవడం మాత్రం నడుస్తుంది. అందుకే వెబ్‌సైట్ మామూలుగానే కనబడుతోంది, డబ్బులు కట్టినవాళ్ల ఆర్డర్లు మాత్రం పడటం లేదు. సపోర్ట్ టీమ్ ఫోన్లు మోగడం మొదలయ్యాక గానీ నాకు వెలగలేదు. ఆ ఏడెనిమిది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

'కాన్‌కరెంట్లీ' అని చేర్చి ఉంటే రాతలు ఆగేవి కావు. దానికి టేబుల్‌ని రెండుసార్లు చదవాలి, అంతకుముందు మొదలైన ట్రాన్సాక్షన్లు (ఒకే మూటగా నడిచే పనులు) ముగిసేదాకా ఆగాలి, కాబట్టి ఎక్కువ సమయం పడుతుంది. ట్రాన్సాక్షన్ బ్లాక్ లోపల నడవదు, టేబుల్ మార్పులు నడిపే మీ మైగ్రేషన్ టూల్ అన్నిటినీ ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తుంటే దానికి విడిగా చెప్పాలి. మధ్యలో ఫెయిలైతే 'ఇన్‌వాలిడ్' అనే గుర్తుతో సగం ఇండెక్స్ మిగిలిపోతుంది. క్వెరీలకు అది పనికిరాదు, రాతల ఖర్చు మాత్రం మీ మీదే పడుతుంది. వెతికి తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఖాళీ టేబుల్‌కో, అర్ధరాత్రి మెయింటెనెన్స్ పెట్టుకున్నప్పుడో అయితే మామూలుదే మేలు, త్వరగా అవుతుంది. మైఎస్‌క్యూఎల్ 5.6 నుంచి ఇండెక్స్ కడుతుండగా రాతలు నడుస్తాయి. కానీ మొదట్లో, చివర్లో టేబుల్ మీద చిన్న లాక్ కావాలి. ఎవరో తెరిచి మూయకుండా వదిలేసిన ట్రాన్సాక్షన్ ఒకటి ఉంటే మీ కమాండ్ దాని వెనక, మిగతా క్వెరీలన్నీ మీ కమాండ్ వెనక క్యూ కడతాయి. ముందు అలాంటివి ఉన్నాయేమో చూసుకోండి.

వేశాక ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ నడపండి. పోస్ట్‌గ్రెస్‌లో ఎప్పటినుంచో ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో 8.0.18 నుంచి. ప్లానర్ అనుకున్న రికార్డుల సంఖ్య, నిజంగా వచ్చిన సంఖ్య పక్కపక్కన చూపిస్తుంది. రెండింటికీ వందల రెట్లు తేడా ఉంటే ఇండెక్స్ మార్చేముందు 'ఎనలైజ్' నడిపి గణాంకాలు తాజా చేయండి. టెస్ట్ డేటాబేస్‌లో 200 రికార్డులతో చూసి నిర్ణయించకండి. అక్కడ ప్లానర్ సహజంగానే టేబుల్ మొత్తం చదివేస్తుంది.

ఉన్నవాటిలో ఏది తీసేయాలి?

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ఇండెక్స్ ఎన్నిసార్లు వాడారో 'పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్' వ్యూ చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 'సిస్' స్కీమాలో వాడని ఇండెక్సుల జాబితా ఉంది. సున్నా కనబడగానే తీసేయకండి. మొదట ఆ లెక్క ఎప్పటినుంచి మొదలైందో చూడండి. గతవారం ఎవరైనా రీసెట్ చేసి ఉంటే ఆ సున్నాకి అర్థం లేదు. తర్వాత రెప్లికాలో, అంటే ప్రైమరీ సర్వర్‌కి నకలుగా నడిచే సర్వర్‌లో, చూడండి. ఈ లెక్కలు ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌లోనే ఉంటాయి. రిపోర్టులన్నీ రెప్లికా మీద నడిచే చోట, ప్రైమరీలో సున్నా ఉన్న ఇండెక్స్ అక్కడ రోజూ పనిచేస్తుండొచ్చు. యూనిక్ ఇండెక్సులకు సున్నా ఉన్నా ముట్టుకోకండి. ఒకే పేమెంట్ నంబర్ రెండుసార్లు పడకుండా ఆపుతున్నది అదే, ఆ కాపలా పని వాడకం లెక్కలో కనబడదు.

మైఎస్‌క్యూఎల్ 8.0 లేదా ఆ తర్వాతిది అయితే ముందు ఇండెక్స్‌ని ఇన్‌విజిబుల్ చేయండి. ప్లానర్‌కి కనబడదు, కానీ తాజాగానే ఉంటుంది. ఏదైనా నెమ్మదిస్తే క్షణంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక నెలాఖరు రిపోర్టు, ఒక పండగ సీజన్ దాటాక డ్రాప్ చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి, ముందు ఇండెక్స్ నిర్వచనాన్ని కాపీ చేసి టికెట్‌లో పెట్టి, ఆ తర్వాత 'డ్రాప్ ఇండెక్స్ కాన్‌కరెంట్లీ' కొట్టండి. పొరపాటు జరిగితే మళ్లీ అదే వరుసలో, అదే షరతుతో కట్టుకోవడానికి ఆ ఒక్క లైను చేతిలో ఉండాలి.